పొగ కనబడితే ఉన్నట్టే

చీపురుపల్లి,
6 నవంబరు 2024.

మావయ్యకు,

నీ అనిత దండాలు. ఫోను చేస్తే నీకు వినబడదు. వీడియోలో కనబడితే "గట్టిగా సెప్పు, గట్టిగా సెప్పు" అని అరిచి పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

నాకు ఉద్యోగం దొరికింది. పర్మినెంటు కాదు, ఈ సర్వే ఉన్నన్నాళ్ళే. అరవై దాటిన వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ప్రశ్నలు అడిగి, జవాబులు ట్యాబులో నొక్కాలి. స్టేషను దగ్గర మేడ మీద గది తీసుకున్నాను. రైలు పోయినప్పుడల్లా గిన్నెలు గలగలమంటాయి. ఆ చప్పుడు కూడా లేకపోతే గదిలో నేనున్నట్టు నాకే తెలియదు.

సర్వే ఎందుకంటే, ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు ఎక్కువగా ఉన్న ఊళ్ళకు వారానికోసారి మందుల బండి పంపుతారట. అందులో నర్సమ్మ ఉంటుంది. గుమ్మం దగ్గరికే వచ్చి బీపీ, షుగరు చూసి, పుండ్లు కడిగి కట్టు కడుతుంది. ఈ మాట వినగానే నాకు బుల్లమ్మ పెద్దమ్మ కాలి పుండే గుర్తొచ్చింది. ఆ మోకాళ్ళతో ఆవిడ ఆటో ఎక్కి ఆసుపత్రికి పోగలదా? బండి వస్తే కాలు దక్కుతుంది.

ప్రతి ఇంటికీ వెళ్ళి అడిగేంతమంది మేము లేము. కొన్ని ఊళ్ళు, ఆ ఊళ్ళలో కొన్ని ఇళ్ళు చీటీలు తీసినట్టు తీస్తారు. మన ఉప్పుమొగపేట వచ్చింది! సొంత ఊరికి సొంతవాళ్ళను పంపరు కాబట్టి హరిబాబు అనే అతను వస్తాడు. ఉత్త మొహమాటస్తుడు, కసురుకోకు.

అన్ని ప్రశ్నల్లోకీ ఒక్కటి నాకు నోట్లోంచి రాదు. "గడిచిన వారంలో ఎవరైనా మీ ఇంట్లోకి వచ్చి, కూర్చుని మాట్లాడారా?" ఇది అడగ్గానే చాలామంది ఇంటి కప్పు వంక చూస్తారు, అక్కడెవరో ఉన్నట్టు.

పెద్దమ్మను అడిగానని చెప్పు.

నీ మేనకోడలు,
అనిత.

●

ఉప్పుమొగపేట,
12 నవంబరు.

అనితమ్మకు నీ మావ అసిరయ్య రాస్తున్నది. ముందు దీవెన, తరవాత తిట్లు.

ఉద్యోగం వచ్చినందుకు దీవెన. వేళకి తిను.

ఇక తిట్లు. ఒసే పిల్లా, చీటీలు తీసి మనుషుల్ని లెక్కపెడతారా? అడవిలో ఆ బోయ ముసలమ్మ రాముడికి పళ్ళు పెట్టే ముందు ఏం చేసింది? ప్రతి పండూ కొరికి చూసింది. ఒక్కటి కొరికి "బుట్టంతా తీపే స్వామీ" అని రాసుకోలేదు. మడుగులో మొసలి ఏనుగు కాలు పట్టినప్పుడు, లోకంలో ఎన్ని ఏనుగుల్ని ఎన్ని మొసళ్ళు పట్టాయో సర్వే చేయించాకే స్వామి దిగొచ్చాడా? శంఖం మరిచాడు, చక్రం మరిచాడు, పరుగెత్తుకొచ్చాడు. వారధి కట్టిన నాడు ఆ ఉడుత మీ చీటీలో వచ్చేదా? రాకపోతే దాని వీపు నిమిరేదెవరు? జవాబు చెప్పు.

ఈ ముక్కలే శనివారం రామాలయంలో మైకు పట్టుకుని చెప్పాను. కార్తీకమాసం కదా, గుడి నిండిపోయింది. నేనే బడికీ పోలేదు. వలలు అల్లుతూ, పురాణం పుస్తకం ఇసకలో ముందు పెట్టుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి నేర్చుకున్నవాణ్ణి. సముద్రం హోరు నా ఎడమ చెవి తినేసింది, కుడి చెవి సగం తినేసింది. గొంతును మాత్రం ముట్టుకోలేదు.

అక్కకేం? ఊరికి ఆ చివర ఆవిడ, ఈ చివర నేను. మొగుడు పోయి, పిల్లలు లేక ఆవిడ. మీ అత్త పోయాక నేను. నేను వెళ్తే, "నువ్వొస్తే పురాణమే గానీ మాటుండదురా. నీకు నోరుంది, సెవుల్లేవు" అంటుంది. అందుకని వెళ్ళడం తక్కువే. అయితేనేం, పొద్దున్నే మా అరుగు మీద నిలబడి చూస్తాను. గ్యాసు బండ ఉన్నా ఆవిడ కట్టెల పొయ్యే రాజేస్తుంది. ఆ తాటాకుల మీంచి పొగ లేచిందా, అక్క ఉన్నట్టే. ఇంతకన్నా ఏం సర్వే కావాలి?

మన ఊళ్ళో దిక్కులేని ముసలివాళ్ళున్నారని ఎవడో కుర్రాడు రాసుకుపోతాడా? అలాంటి ఊరికి బండి ఎవడిస్తాడు? నువ్వు బెంగపడకు. ఊరి పరువు సంగతీ, బండి సంగతీ నేను చూసుకుంటాను.

రామరక్ష.

అసిరయ్య.

●

చీపురుపల్లి,
18 నవంబరు.

మావయ్యా,

నీ తిట్లు చదివి పైకి నవ్వాను. ఈ గదిలో మనిషి నవ్వు వినబడి చాలా కాలమైంది.

చిన్నప్పుడు నన్ను పడవ అంచున కూచోబెట్టి నువ్వే చెప్పావు. ఒక రాజు రథం మీద పోతూ పోతూ, ఒక చెట్టుకి ఎన్ని ఆకులో ఎన్ని కాయలో చెప్పేశాడని. సారథి నమ్మక రథం ఆపి లెక్కపెడితే సరిగ్గా సరిపోయాయని. ఆ రాజు ఆకు ఆకూ లెక్కపెట్టాడా? కొమ్మ చూసి చెట్టు చెప్పాడు. నీ పురాణంలోనే ఉంది నా ఉద్యోగం.

అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టుకునే చూస్తాం కదా. కాకపోతే ముందు గరిటెతో కలపాలి, లేకపోతే అడుగు మాడినా పైమెతుకు చెప్పదు. పెద్దమ్మ గంపెత్తి చేపలమ్మిన రోజుల్లో చూశాను కదా, తెలిసినవాళ్ళు పైనున్న పెద్ద చేప చూసి మురిసిపోయేవాళ్ళు కారు. చెయ్యి అడుగుదాకా దింపి తీసేవారు. మా చీటీ కూడా అదే. ఇళ్ళు నన్నే ఎంచుకోమంటే రోడ్డు పక్కవి, చెట్టు నీడున్నవి, నవ్వుతూ పిలిచే మొహాలున్నవి ఎంచుకుంటాను. ఊరి చివర ఇసకలో ఉన్న గుడిసెకు ఎవరు నడుస్తారు? చీటీ నడిపిస్తుంది.

సగటు అని ఇంకొకటి ఉంది. రోజూ రెండొందల మందితో మాట్లాడే నిన్నూ, ఎవరితోనూ మాట్లాడని ఒక ముసలమ్మనూ కలిపి సగటు తీస్తే, ఆవిడ కూడా రోజుకు వందమందితో మాట్లాడినట్టు వస్తుంది. అందుకే సగటు ఒక్కటే నమ్మకూడదని మా మేడం దుర్గాభవాని గారు చెబుతారు. అందర్నీ వరసలో నిలబెట్టి, మధ్యన ఎవరున్నారో చూడాలి, ఆ చివర ఎవరున్నారో కూడా చూడాలి.

ఇక అడగడం. అడగాలి, ఆగాలి. జవాబు మనం అందించకూడదు. బొబ్బిలి దగ్గర ఒక పెద్దాయన, పూర్వం వీణలకు పనస మొద్దులు తొలిచేవాడు. ఆ ప్రశ్న అడిగి ఆగాను. ఎంతసేపటికీ పలకడు. ఆఖరికి, "నువ్వు లెక్కలోకి వస్తావా అమ్మా?" అన్నాడు. రానండీ అన్నాను. "అయితే రాసుకో, ఎవరూ రాలేదు" అన్నాడు. ఆ తరవాత వినబడినా వినబడనట్టు ప్రతి ప్రశ్నా రెండోసారి అడిగించుకున్నాడు, నేను లేచిపోతానని.

పొగ పొయ్యి సంగతి చెబుతుంది మావయ్యా, మనిషి సంగతి చెప్పదు. ఓసారి పెద్దమ్మ దగ్గరికి వెళ్ళిరా.

పరువు చూసుకుంటానన్నావు. ఏం చూసుకుంటావో అర్థం కాలేదు. ఏమీ చెయ్యకు.

అనిత.

●

ఉప్పుమొగపేట,
22 నవంబరు.

విజయీభవ అని నాకు నేనే చెప్పుకుంటూ మొదలుపెట్టిన ఉత్తరం.

నీ ఉత్తరం హరిబాబు వచ్చి వెళ్ళాక అందింది. అందుకే ఇంకా సాంతం చదవలేదు. చదివే పనేముంది, మేం గెలిచాం.

మొదటిరోజు అతనొచ్చి ముసలివాళ్ళున్న ఇళ్ళన్నీ రాసుకున్నాడు. చీటీల్లో వచ్చిన ఇళ్ళవాళ్ళకి, "రేపొస్తాను, ఇంటి దగ్గర ఉండండి" అని చెప్పి పోయాడు. అక్క ఇల్లొచ్చింది. నా ఇల్లు రాలేదు. రామాలయం అరుగు మీద రోజూ గొంతు చించుకునే నన్ను వదిలేసిన చీటీ ఏం చీటీయో నాకు తెలియదు. సరే.

ఆ సాయంత్రం మైకు పట్టుకున్నాను. "ఓరి నా ఊరివాళ్ళారా! రేపు పరాయివాడొచ్చి మీ గడప తొక్కి, ఈ ముసలిదాన్ని ఎవరైనా పలకరించారా అని అడగబోతున్నాడు. లేదు అన్న మాట ఒక్క ఇంట్లో పుట్టిందా, అది ఊరందరి నోట్లో మన్ను! కన్నతల్లుల్ని ఒంటరిగా వదిలిన ఊరికి చేప పడదు, వల నిండదు!" అన్నాను. గుడిలో ఊపిరి వినబడలేదు. అంటే, నాకు ఎలాగూ వినబడదనుకో. మొహాలు చూసి చెబుతున్నాను.

తెల్లారేసరికి చూడాలి అనితమ్మా! చీటీ వచ్చిన ప్రతి ఇంటికీ జనం. అక్క ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. ఒకామె తల దువ్వింది, ఒకామె ఆవిడ పాత గంధం రంగు చీర తీసి కట్టింది, ఇంకొకామె వంజరం పులుసు పెట్టింది. అక్క మంచం మీద కూచుని అందర్నీ చూసి, "ఏటిరా తమ్ముడూ, నానేటి సచ్చిపోనానా? ఇంతమందొచ్చినారు?" అంది. నవ్వని వాళ్ళు లేరు.

హరిబాబు ఆ ప్రశ్న అడిగాడు. అక్క నోరు తెరిచేలోగా ఇరవై నోళ్ళు తెరుచుకున్నాయి. "రాకపోవడమేటి బాబూ, మేమంతా లేమా? రోజూ వస్తాం!" అతను ట్యాబులో నొక్కి, పులుసు తిని, దండం పెట్టి పోయాడు.

ప్రతి ఇంట్లోనూ అదే జవాబు. మార్కులు ఎప్పుడొస్తాయి? మొదటి బండి మనదే కదా?

జయజయ ధ్వానాలతో,
అసిరయ్య.

●

చీపురుపల్లి,
28 నవంబరు.

మావయ్యకు,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను.

ఇది పరీక్ష కాదు మావయ్యా. మార్కులు లేవు. జ్వరం చూసే గొట్టం ఉంటుందే, అది. నర్సమ్మ వచ్చే ముందు పిల్లకి ఒంటినిండా చన్నీళ్ళ గుడ్డలేసి "చూశారా, మా పిల్లకి జ్వరం లేదు" అన్నారు మీరు. గొట్టం అబద్ధం చెప్పలేదు. మందు రాదు, అంతే.

ఒంటరివాళ్ళు ఎక్కువున్న ఊళ్ళకే బండి అని నా మొదటి ఉత్తరంలోనే రాశాను. నువ్వు తిరగేసి చదువుకున్నావు. ఉప్పుమొగపేట పక్కన ఇప్పుడు సున్నా పడింది. ఒంటరి ముసలివాళ్ళు లేని ఊరు. మన బండి వేరే ఊరికి రాశారు.

ప్రశ్న ముందుగా చెప్పింది నేను. అలా చెప్పకూడదు. దుర్గాభవాని గారికి నేనే వెళ్ళి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. నా ట్యాబు తీసుకున్నారు. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. ఇప్పుడు రోజంతా గదిలోనే. రైళ్ళు పోతుంటాయి.

ఒక్కటి అడుగుతాను. అడిగి ఆగుతాను. హరిబాబు వెళ్ళిపోయిన మర్నాడు పెద్దమ్మ ఇంటికి ఎవరు వెళ్ళారు?

అనిత.

●

ఉప్పుమొగపేట,
3 డిసెంబరు.

అనితకి,

నన్ను మోసగాణ్ణంటావా? ఊళ్ళో ముసలివాళ్ళ ఇళ్ళు ఒక్కరోజు కళకళలాడాయి. అది పాపమా? నీ ట్యాబుకి కనబడింది అబద్ధమా? జనం వచ్చారా లేదా? తిన్నారా లేదా? కూచున్నారా లేదా? చూసింది రాసుకోవడమే కదా మీ పని! ఇంతమంది మనుషులున్న ఊరికి బండి లేదంటే ఊరుకోను. ఊరు ఊరంతా లేపి సోమవారం కలెక్టరు గారి దగ్గరికి నడిపిస్తాను. ధర్మం నా వైపుంది.

మర్నాడు అక్క ఇంటికి ఎవరెళ్ళారని అడిగావు. నాకేం తెలుసు? పొగ మాత్రం చూశాను. రోజూ కన్నా ఎక్కువ పొగ లేచింది. ఆవిడ బాగానే ఉంది.

5 డిసెంబరు.

పై ముక్క పోస్టు చెయ్యలేదు. కోపంతో రాసింది చింపెయ్యడం నాకు చేతకాదు, అందుకే దాని కిందే రాస్తున్నాను.

నిన్న వెళ్ళాను.

అక్క వాకిట్లో కూచుని కాలి పుండు మీద ఈగల్ని తోలుకుంటోంది. నేను అలవాటు ప్రకారం పురాణం ఎత్తుకోబోయి, నీ మాట గుర్తొచ్చి ఆగాను. అడగాలి, ఆగాలి. "అక్కా, ఆ సర్వే అబ్బాయి వెళ్ళిన మర్నాడు ఎవరొచ్చారు?" అని అడిగి, నా కుడిచెవి ఆవిడ నోటి దగ్గర పెట్టి కూచున్నాను. ఆగడం ఎంత కష్టమే అనితా! నా నాలిక నోట్లో కట్టేసిన పడవలా కొట్టుకుంది.

ఎంతసేపటికో చెప్పింది. "ఆ మర్నాడూ వత్తారనుకున్నానురా. రోజూ వస్తాం అని ఆ బాబుకి సెప్పినారు కదా, నిజవే అనుకున్నాను. పెద్ద డేగిసా ఎక్కించి అన్నం ఒండినాను. పులుసూ పెట్టినాను. పొద్దున్నించి తలుపు తీసే ఉంచినాను. ఎవులూ రాలేదు. ఆ అన్నం రెండ్రోజులు నీళ్ళోసుకుని తిన్నాను."

ఆ పొగే నేను చూసింది. ఎక్కువ పొగ లేస్తే అక్క బాగుందనుకున్నాను.

ఇన్నేళ్ళుగా రోజూ పొద్దున్నే తీసిన లెక్క అది. ఒక్కనాడూ తప్పలేదనుకున్నాను. నడిచి వెళ్ళి చూస్తే కదా తప్పిందో లేదో తెలిసేది.

కలెక్టరు దగ్గరికి పోను. నీ ఉద్యోగం మాట ఏమైంది?

అసిరయ్య.

●

చీపురుపల్లి,
13 డిసెంబరు.

మావయ్యా,

నీ ఉత్తరం కిందిభాగం దుర్గాభవాని గారికి చదివి వినిపించాను. పైభాగం కూడా వినిపించక తప్పలేదు. కలెక్టరు దగ్గర నవ్వారు. డేగిసా దగ్గర కళ్ళజోడు తీశారు.

ఉద్యోగం ఉంది. ఇళ్ళకి పంపరు, ఆఫీసులో కూచుని వేరేవాళ్ళు తెచ్చిన జవాబులు సరిచూడాలి. మనుషుల మొహాలు లేవు, అంకెలే. ఒక్కో సున్నా వచ్చినప్పుడు ఆ ఇంటి కప్పు ఎలా ఉంటుందో అనుకుంటాను.

మన ఊరి లెక్క పక్కన పెట్టేశారు. మళ్ళీ కొత్తగా చీటీలు తీసి, కొత్తవాళ్ళను, చెప్పకుండా పంపుతారు. ఎప్పుడో నాకు తెలియదు, ఎవరో తెలియదు. తెలిసినా ఈసారి చెప్పను. "మీ మావయ్య ఒక్కడికే చెప్పు. ఆయన నోరు మూసుకుంటే ఊరు మామూలుగా ఉంటుంది. ఊరు మామూలుగా ఉంటేనే లెక్క" అన్నారు మేడం.

కాబట్టి మావయ్యా, మైకులో ఈ ఊసెత్తకు. సామెతగా కూడా ఎత్తకు. పిట్టకథలో కూడా దూర్చకు. నిన్ను నాకు తెలుసు.

అనిత.

●

ఉప్పుమొగపేట,
19 డిసెంబరు.

అనితమ్మా, నోటికి తాళం వేసుకున్నవాడి ఆశీస్సులు.

ధనుర్మాసం వచ్చింది. రోజూ తెల్లవారుజామున మైకు నాదే. మొదటిరోజు గుడిమెట్లు ఎక్కుతుంటేనే నాలిక దురద పెట్టింది. నా సంగతి నాకు తెలుసు. గోవిందా అంటే దాని వెనకే "ఆ సర్వేవాళ్ళు మళ్ళీ వస్తారు" అని వచ్చేస్తుంది. గొంతు బాగాలేదని చెప్పి ఇంటికొచ్చేశాను. ఇప్పుడు పంతులు గారు క్యాసెట్టు పాటలు వేస్తున్నారు.

ఇక ముఖ్యమైన మాట. నిన్న ధర్మసంకటంలో పడ్డాను. అక్క దగ్గరికి రోజూ పోవాలని మనసు పీకుతోంది. మొన్నటిదాకా పోయాను కూడా. ఇప్పుడు కొత్త చీటీల్లో మళ్ళీ ఆవిడ ఇల్లొచ్చి, ఆ ప్రశ్న అడిగితే, "మా తమ్ముడొస్తన్నాడు" అంటుంది కదా? అప్పుడావిడ ఒంటరి కాదు. సున్నా పడుతుంది. బండి పోతుంది, కాలు పోతుంది. నేను వెళ్తే లెక్క తప్పుతుంది. వెళ్ళకపోతే ధర్మం తప్పుతుంది.

పురాణాలన్నీ తిరగేశాను. యుద్ధం చెయ్యాలా వద్దా అన్నదానికి జవాబుంది గానీ, అక్కను చూడాలా వద్దా అన్నదానికి లేదు.

అందుకని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. వాళ్ళు వచ్చి పోయేదాకా నేను అటు వెళ్ళను. ఆవిడకి కారణం చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు. మళ్ళీ అరుగు మీద నిలబడి పొగ చూస్తున్నాను. పొగ అబద్ధం చెబుతుందని తెలిశాక కూడా చూడటం, అది వేరే శిక్ష.

ఇల్లు బొత్తిగా చప్పుడు లేకుండా ఉంది. చెవిటివాడికి కూడా తెలిసేంత.

అసిరయ్య.

●

చీపురుపల్లి,
26 డిసెంబరు.

మావయ్యా,

నేను ఆ సరిచూసే పని మీదే జిల్లా ఆఫీసుకి పోయి ఇవాళే వచ్చాను, నీ ఉత్తరం ఇవాళే చూశాను. ఇది అందిన క్షణంలో చెప్పులేసుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్ళు.

జనాన్ని పోగెయ్యడం ఎంత తప్పో, ఉన్న ఒక్కణ్ణీ ఆపెయ్యడం అంతే తప్పు. ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వాలి. నువ్వు నిజంగా వెళ్ళేవాడివైతే నీ రాక కూడా లెక్కలోకి రావలసిందే. వాళ్ళ కోసం వెళ్ళకు, వాళ్ళ కోసం మానకు. మా లెక్క ఒక్క పెద్దమ్మ మీద నిలబడదు, ఊరంతటిదీ చూస్తుంది. ఆవిడకి మాత్రం ఉన్నది నువ్వొక్కడివే.

మేడంని కూడా అడిగాను. "మనుషులు మన లెక్కకోసం బతకరమ్మా" అన్నారు.

వెళ్ళు.

అనిత.

●

ఉప్పుమొగపేట,
4 జనవరి 2025.

అనితమ్మకు,

నీ ఉత్తరం నిన్న అందింది. అప్పటికే అంతా అయిపోయింది. వరసగా చెబుతాను, తిట్టుకోకుండా చదువు.

వాళ్ళు వచ్చారు. మొన్న, ఎండ నెత్తి మీదికొచ్చాక, ఎవరికీ చెప్పకుండా ఒకమ్మాయి ఇసకలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచొచ్చింది. నేను వాకిట్లో వల ముందేసుకుని కూచున్నాను. అల్లడం లేదు, ఊరికే ముందేసుకున్నాను. అక్క ఇంటి వైపు పోతుందేమోనని చూశాను. పోలేదు. నా ముందే ఆగింది. ఈసారి చీటీలో అక్క ఇల్లు రాలేదు. నాది వచ్చింది.

అంటే, నేను మనసు చంపుకుని అక్క దగ్గరికి పోకుండా ఆపుకున్నదంతా ఏ లెక్కకీ పనికిరాలేదు. ఆవిడని ఊరికే ఏడిపించాను.

ఆ అమ్మాయి నా చెవి సంగతి చూసి, దగ్గరగా పీట లాక్కుని కూచుంది. పేరడిగింది, వయసడిగింది. తరవాత ఆ ప్రశ్న. "గడిచిన వారంలో ఎవరైనా మీ ఇంట్లోకి వచ్చి, కూర్చుని మాట్లాడారా?"

నేను ఎత్తుకున్నాను. "నా పేరు చెబితే ఈ తీరం మీద తెలియని వాళ్ళు లేరమ్మా. నేను గొంతెత్తితే గుడి పట్టదు, రెండొందల మంది..." ఆ పిల్ల ట్యాబు మీద వేలు పెట్టి నా మొహంలోకి చూస్తూ కూచుంది. ఆగింది. నువ్వు చెప్పిన ఆ ఆగడం. ఎదుటివాళ్ళు చేస్తే అది ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. లోతు తెలియని నీళ్ళలో లంగరు దించినట్టుంటుంది. దిగుతూనే ఉంటుంది.

నేను ఇంటి కప్పు వంక చూశాను.

వారం వెనక్కి వెళ్ళాను. పాలవాడు గుమ్మంలోనే పాకెట్టు విసిరిపోతాడు. గుడివాళ్ళు గొంతు బాగైందా అని వీధిలోంచి చేత్తో సైగ చేసి అడిగారు. వారం దాటి ఇంకా వెనక్కి వెళ్ళాను. మీ అత్త పోయిన నాటి దాకా వెళ్ళాను. నేను జనం దగ్గరికి పోయాను గానీ, జనం నా గడప దాటి వచ్చి కూచున్న రోజు నాకు దొరకలేదు.

"ఎవరూ రాలేదమ్మా" అన్నాను.

"ఎవరూనా తాతగారూ?" అంది.

"ఎవరూ."

నొక్కుకుంది. దండం పెట్టి పోయింది. తరవాత పక్క వీధి ముసలి జగ్గమ్మ ఇంటికి వెళ్ళింది, ఇంకా నాలుగు గడపలు తిరిగింది. ఎవరూ పోగవలేదు, ఎవరూ పులుసు పెట్టలేదు. ఊరు మామూలుగా ఉంది. మా ఊరి మామూలు ఏమిటో ఆ పిల్లకి తెలిసిపోయి ఉంటుంది. అడవిలో ఆ ముసలమ్మ ఇంటికి స్వామి ఒకనాటికి వచ్చాడని వందసార్లు చెప్పాను గానీ, అంతవరకూ ఆ గుడిసెకి ఎవరొచ్చారని ఒక్కసారైనా చెప్పుకున్నానా? నాకే ఆ ప్రశ్న పుట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ సాయంత్రమే, పొద్దు వాలుతుండగా, ఇసకలో ఎవరో కర్ర పోటేసుకుంటూ, ప్రతి పడవ దగ్గరా ఆగి, పడవ అంచు పట్టుకుని ఊపిరి తీసుకుని, మళ్ళీ నడిచి వస్తున్నారు. చంకలో క్యారేజీ. అక్క. ఆ మోకాళ్ళతో, ఆ పుండుతో, ఊరు ఆ చివర నుంచి ఈ చివరికి.

గుమ్మంలోకొచ్చి నన్ను చూసి కర్ర కిందపడేసింది. "బతికే ఉన్నావురా? ధనుర్మాసంలో నీ మైకు ఇనబడనేదు. నువ్వూ రావడం మానేసినావు. నీది గ్యాసు పొయ్యి, నీ ఇంటి మీద పొగైనా నేవదు. నీ గొంతు ఇనబడితే ఉన్నావని నా లెక్క. ఆగిపోనాది. సచ్చిపోనావేటిరా అని ఒచ్చినాను."

ఆవిడకీ ఒక లెక్క ఉందే అనితా. ఇన్నేళ్ళూ నేను పొగ చూశాను, ఆవిడ మైకు వింది. ఇద్దరం ఒకరినొకరం చూసుకుంటున్నామనే అనుకున్నాం.

ఒక్క క్షణం ఆ సర్వే పిల్ల వెనక పరుగెత్తాలనిపించింది. "అమ్మా, తప్పు రాయించాను, ఒకరొచ్చారు!" అని. మళ్ళీ ఆగాను. ఆ పిల్ల అడిగింది గడిచిన వారం సంగతి. అక్క వచ్చింది ఆ పిల్ల అడిగాక. కాబట్టి నా సున్నా సున్నాయే, దాన్ని నేను దిద్దను. నా వల్ల ఒకసారి చెడిన లెక్క రెండోసారి చెడకూడదు. ఆ సున్నాతో బండి వస్తే రానీ, రాకపోతే అక్క కాలిని ఆటోలో నా ఒళ్ళో పెట్టుకుని నేనే ఆసుపత్రికి తీసుకెళ్తాను. సోమవారం వెళ్తున్నాం, బండి కోసం ఆగం.

క్యారేజీలో అన్నం ఇద్దరికి సరిపడా తెచ్చింది. ఆ డేగిసా రోజు నుంచి ఇద్దరికే వండుతోందట, ఎవరైనా వస్తారేమోనని. ఆ మాట నాతో ఎందుకు చెప్పలేదక్కా అంటే, "నువ్వు అడగనేదు కదరా" అంది.

రాత్రి కాలు బాగా వాచింది. అందుకని ఇక్కడే పడుకోబెట్టాను. నిన్నా ఇక్కడే ఉంది. ఇవాళ పొద్దున అరుగు మీద నిలబడి అలవాటుగా అటు చూశాను. పొగ లేదు. అరుగు దిగబోయాను. తరవాత వెనక్కి తిరిగి చూశాను. నా వంటింట్లో కూచుని గ్యాసు పొయ్యిని తిడుతోంది.

మా ఊళ్ళో అడగడాలు అయిపోయాయి. ఇక నువ్వు వచ్చినా ఏ లెక్కా చెడదు. ఆ రైళ్ళ గదిలో నీ ఇంటికి వచ్చి కూచున్నవాళ్ళెవరని నిన్ను ఏ సర్వే అడగదు. నేను అడుగుతున్నాను. అడిగి ఆగుతున్నాను. జవాబు ఉత్తరంలో రాయకు, వచ్చి చెప్పు, కుడి చెవి వైపు కూచుని.

ఇప్పుడే అక్క వచ్చి పక్కన కూచుంది. ఏటి రాస్తన్నావని అడిగింది. చెప్పకుండా, "నిన్న నిద్ర పట్టిందా అక్కా?" అని నేను అడిగాను. మొదలుపెట్టింది. నిద్రతో మొదలుపెట్టి, మీ అమ్మ చిన్నప్పుడు వాన నీళ్ళలో పడిపోయిన రోజు దాకా వెళ్ళింది, ఇంకా చెబుతూనే ఉంది.

ఉత్తరం ఇక్కడ ఆపుతున్నాను. నాకున్నది అరచెవి. వింటూ రాయడం కుదరదు.

మీ మావయ్య,
అసిరయ్య.